బందరు రేవులో ఒక సీసా

ఈ వేసవిలో మలేషియా నుంచి వచ్చిన మా బావమరిది అక్కగారికి ఒక చేతిసంచీ, నాకొక సీసా తెచ్చాడు. సీసాలో చిక్కటి గోధుమరంగు పాకం. పైన ఒక బొమ్మ, దోసకాయో జలగో పోల్చుకోలేనిది.

"రోజూ రెండు చెంచాలు పుచ్చుకోండి బావగారూ! కొలెస్టరాలు దిగిపోతుంది, లివరు శుభ్రపడుతుంది. ఆ డాక్టరు మాత్రలు అవతల పారెయ్యండి" అన్నాడు.

నవ్వి ఊరుకుందామంటే ఊరుకోగలిగిన మాట కాదు. నిరుడు కడుపుబ్బరమని వెడితే, స్కానింగు తీయించి కాలేయానికి కొవ్వు పట్టిందన్నారు. రక్తంలో కొలెస్టరాలు కూడా హద్దు దాటింది. మా అన్నయ్య ఏభై రెండో ఏట, బడికి బయలుదేరుతూ గుమ్మంలోనే గుండె పట్టుకుని కూలిపోయాడు. నాకిప్పుడు నలభై ఏడు. నేను మాత్ర మింగినప్పుడల్లా మా ఆవిడ ఆ అయిదేళ్ళ తేడానూ లెక్కపెట్టుకుంటూనే ఉంటుంది.

సీసాలోని ప్రాణిని సముద్రదోసకాయ అంటారు. పేరుకే దోసకాయ గాని, అది నక్షత్రచేపకు చుట్టం. తమిళులు కడల్ అట్టై, అంటే సముద్రపు జలగ అంటారు. చైనావాళ్ళు దాన్ని ఎండబెట్టి విందుల్లో వడ్డిస్తారు. మలేషియాలో దాని పేరు గామత్, అక్కడ దాంతో తైలాలూ పాకాలూ చేస్తారు. మా బావమరిది ఉండేది పేరాక్‌లో, బాగన్ డాటో వైపు. ఒకప్పుడు మనవాళ్ళు కొబ్బరితోటల్లో పనికి వెళ్ళి స్థిరపడిన చోటు. శత్రువు మీదికొస్తే ఈ జీవి తన పేగులు తానే కక్కేసి, తరవాత తీరిగ్గా కొత్తవి పెంచుకుంటుందట. మన కాలేయానికీ ఈ విద్య కొంత వచ్చు. కోసిన మేర మళ్ళీ పెరుగుతుంది. అందుకే కాబోలు, దాన్ని మనం అంత అలుసుగా చూస్తాం.

సముద్రం మనకీ ఉంది కదా, బందరులో దొరికేదానికి మలేషియా సీసా ఎందుకనుకుని, ఒక శనివారం దాన్ని సంచీలో వేసుకుని గుడివాడలో రైలెక్కాను. గుడ్లవల్లేరు, పెడన దాటేవరకూ కిటికీలో వరిచేలూ చేపల చెరువులూ ఒకదాని వెనక ఒకటి పరుగెత్తాయి. బందరులో దిగి తిన్నగా గిలకలదిండి రేవుకు వెళ్ళాను. మచిలీపట్నంలోని 'మచిలీ' హిందుస్తానీ చేప అని అక్కడ పదిమందిని అడిగితే తొమ్మిదిమంది చెబుతారు. రెండో శతాబ్దంలోనే టాలెమీ ఈ తీరాన్ని మైసోలియా అని రాశాడు. అప్పటికి హిందుస్తానీ ఎక్కడిది? తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి గనక ఈ గొడవ. క్షమించండి.

వల బాగుచేసుకుంటున్న ముసలాయన ఒకాయన సీసామీది బొమ్మను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇట్టాంటిది మా వల్లో ఎప్పుడూ పడలా మాస్టారూ. పడ్డా, ఈ జలగని తినేవాడెవడు?"

ఆయన మాటలో సబబుంది. మనది కృష్ణమ్మ తెచ్చిపోసిన ఒండ్రు తీరం. ఆ జీవికి పగడపు దిబ్బలూ సముద్రపు గడ్డీ ఉన్న చోట్లు ఇష్టం. మన దేశంలో మన్నారు సింధుశాఖ, పాక్ జలసంధి, లక్షద్వీప్, అండమాన్లు దానికి పుట్టిళ్ళు. పైగా 2001లో దాన్ని వన్యప్రాణి రక్షణ చట్టం కిందికి తెచ్చారు. పట్టినా అమ్మినా నేరమే. అంటే పాపం, ఆ ముసలాయన చేత నేనే నేరం చేయించబోయానన్నమాట.

ఇంతలో తట్టల్లో కనగర్తలు దిగాయి. ఈ చేప శాస్త్రీయనామం చిత్తగించండి: రాస్ట్రెల్లిగర్ కనగుర్త. పాట్రిక్ రస్సెల్ దొర విశాఖపట్నంలో చేపల బొమ్మలు వేయించి 1803లో అచ్చు వేసినప్పుడు మనవాళ్ళు పిలిచే పేర్లు కూడా రాసుకున్నాడు. ఆ తెలుగు పేరునే ప్రపంచమంతా వాడుతోంది. కనగర్తల్లోనూ కవళ్ళలోనూ ఉండే ఒమేగా-3 అనే కొవ్వు రక్తంలోని ట్రైగ్లిజరైడ్లను తగ్గిస్తుంది. కొలెస్టరాలుని మాత్రం పెద్దగా కదిలించదు.

దివిసీమలో నాగాయలంక దగ్గర నా పాత విద్యార్థి ఒకడు మండపీతలు కొని, తాళ్ళతో కట్టి, ప్రాణాలతోనే ఎగుమతికి పంపుతుంటాడు. ఎన్నాళ్ళనుంచో రమ్మంటున్నాడు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డల మీదుగా బస్సులో చేరేసరికి మధ్యాహ్నమైంది. ఆ ఇల్లాలు రొయ్యల ఇగురు వడ్డించింది. నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను. స్కానింగు నాటినుంచీ మా ఇంట్లో రొయ్య నిషిద్ధం.

"రొయ్యలో కొలెస్టరాలు ఉందని భయమా మాస్టారూ?" అన్నాడు వాడు.

ఉన్నమాట నిజమే. వంద గ్రాముల పచ్చిరొయ్యల్లో సుమారు 150 మిల్లీగ్రాములుంటుంది. కాని రొయ్యలో వెన్నా నెయ్యీ జాతి కొవ్వు బహు తక్కువ. రక్తంలో చెడ్డ కొలెస్టరాలుని ఎక్కువగా పెంచేది ఆ జాతి కొవ్వే. ఒంట్లోని కొలెస్టరాలులో చాలా భాగం కాలేయం తానే వండుకునేది. అమెరికాలో ఆరోగ్యవంతులకు రోజూ 300 గ్రాముల రొయ్యలు పెట్టి చూసి, 1996లో ఫలితం ప్రకటించారు. చెడ్డ కొలెస్టరాలు 7 శాతం పెరిగింది, మంచిది 12 శాతం పెరిగింది, ట్రైగ్లిజరైడ్లు 13 శాతం తగ్గాయి. వాళ్ళు రొయ్యల్ని ఆవిరిమీద ఉడికించారు. మనం గిన్నెలో గరిటెడు నూనె తేలితేగాని ఇగురు అనం!

నాలుగు రొయ్యలు తిన్నాను. అప్పుడు చూసుకున్నాను, విస్తట్లో అన్నం గుట్టలా ఉంది. కాలేయంలో చేరే కొవ్వుకు ఆ గుట్టా, ఆపైన వచ్చే మిఠాయీ దగ్గర చుట్టాలు.

తిరుగుబస్సులో కూర్చుని మా డాక్టరుగారికి ఫోన్ చేసి సీసా సంగతి మనవి చేసుకున్నాను. ఆయన కోప్పడలేదు. సముద్రదోసకాయ పెట్టిన ఎలకల్లో కొలెస్టరాలూ కాలేయంలో కొవ్వూ తగ్గినట్టు ప్రయోగాలున్నాయనీ, మనుషుల మీద గట్టి పరీక్షలు బహు కొద్ది అనీ చెప్పారు. "మీరు మాత్ర మానకండి. బరువు 78 కిలోల నుంచి 72కి దించండి. నూటికి అయిదు నుంచి పది వంతులు తగ్గితే కాలేయమే తేలికపడుతుంది" అన్నారు.

ఆరు కిలోలు! ఫోను పెట్టేసరికి బస్సు బందరు చేరింది. అలవాటు ప్రకారం కాళ్ళు మిఠాయి దుకాణం ముందాగాయి. అరకిలో తొక్కుడు లడ్డూ కట్టించేశాక గాని నాకు మెలకువ రాలేదు. ఇంటికి వెళ్ళి పొట్లం మా ఆవిడ చేతిలో పెట్టాను.

"ఇదెవరికండీ?" అంది.

"మీ తమ్ముడికి" అన్నాను.

సీసా అలమారులోనే ఉంది, మూత తీయలేదు. వచ్చే నెల మళ్ళీ రక్తపరీక్ష.