ముగ్గురు విన్న రేడియో

మాది హోసూరు దగ్గర పల్లె. మా ఇంట్లో రేడియో పెడితే బెంగుళూరు ఎఫ్.ఎం. స్టేషన్లు బాగా పలుకుతాయి. మన దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్.ఎం. 2001లో ఆ ఊర్లోనే మొదలైంది. పాటలు మంచివే, నేను కాదనను. కానీ పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక ఆదివారం పనిలేక, వచ్చిన పాటలన్నీ నోటుబుక్కులో రాస్తా కూర్చున్నాను. రాత్రి లోపల ఒకే పాట ఐదుసార్లు వచ్చింది. మధ్యలో నగల అంగడి, ఇండ్ల స్థలాల ప్రకటనలు. మా అవ్వ, "ఆ పిల్లోనికి ఇంకో పాట రాదేమో పాపా" అనింది.

బెంగుళూరులో పనిచేసే మా అన్న ఆ రాత్రి ఫోనులో సోమా ఎఫ్.ఎం. పెట్టి చూపించినాడు. పేరులో ఎఫ్.ఎం. ఉన్నా అది ఇంటర్నెట్టు రేడియో. అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో రస్టీ హాడ్జ్ అనే ఆయన 2000లో తన ఇంటి గ్యారేజీలో మొదలుపెట్టినాడంట. ఇప్పుడు ముప్పైకి పైగా చానళ్లు ఉన్నాయి. ఒకదాని పేరు గ్రూవ్ సలాడ్. పచ్చి కాయగూరల ముక్కల పేరు పాటలకు పెట్టినారే అని నవ్వుకున్నాను. ప్రకటనలు లేవు, వినేవాళ్లు ఇచ్చే డబ్బుతోనే నడుస్తుంది. 2002లో పాటల రాయల్టీ భారం మోయలేక కొన్ని నెలలు ఆగిపోయి, మళ్లీ మొదలైంది.

"ప్రకటనలు లేకుంటే ఎట్ల గిట్టుబాటు అవుతుంది?" అని అడిగితే అన్న లెక్క చెప్పినాడు. టవరు నుంచి వచ్చే పాటను పదిమంది విన్నా, పది లక్షల మంది విన్నా టవరు ఖర్చు ఒకటే. కాబట్టి ఎంతమంది వింటే అంత లాభం, అందరికీ నచ్చే పాటనే తిప్పి తిప్పి వేస్తారు. ఇంటర్నెట్టులో ఒక్కొక్కరికీ విడిగా పంపాల. 128 కేబీపీఎస్‌లో ఒకరు గంటసేపు వింటే సుమారు 57 ఎంబీ. వినేవాళ్లు పెరిగేకొద్దీ ఖర్చు పెరుగుతుంది. కొద్దిమందే అయితే ఖర్చూ కొద్దే.

అప్పుడు నాకు అవ్వ గుర్తుకొచ్చింది. ఆమెకు ఇసుర్రాయి పాటలు చాలా తెలుసు. ఇప్పుడు రాగులు మిల్లులో పట్టిస్తాం కాబట్టి ఆమె పాడేదే లేదు. ఏ ఎఫ్.ఎం. వేస్తుంది ఆ పాటలు? మా అమ్మే సగం నేర్చుకోలేదు, నాకు ఒక్కటీ పూర్తిగా రాదు.

అన్న తన పాత లాప్‌టాప్‌లో ఐస్‌కాస్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేరు వేసినాడు. రెండు రోజులు తంటాలు పడితేగానీ పలకలేదు. అవ్వ ముందు ఒప్పుకోలేదు. "గొంతు పోయింది, నాది ఎవురు వింటారు?" అనింది. చివరికి ఖాళీ ఇసుర్రాయి ముందు కూర్చోబెట్టినాం. చెయ్యి తిరగడం మొదలైతే పాట తనంతట తానే వచ్చింది!

వినేవాళ్లు ముగ్గురు. తిరుపూరులో ఉన్న మా మామ, నా స్నేహితురాలు, వంటింట్లో ఫోను పట్టుకున్న మా అమ్మ. ఇంటర్నెట్టులో మాట కొంచెం ఆలస్యంగా పోతుంది కదా, అవ్వ పాట ఆపినాక కూడా వంటింట్లో నుంచి పాట వస్తానే ఉంది. అవ్వ చెయ్యి ఆపి తల తిప్పింది.

"ఎవురు పాపా ఆమె? నా పాటే పాడతా ఉండాది!"