రెండు ఒకట్లు

కొన్నేళ్ళ క్రితం శాసనమండలి పట్టభద్రుల స్థానానికి జరిగిన ఎన్నికలో ఒక అభ్యర్థి పక్షాన లెక్కింపు ఏజెంటుగా కూర్చున్నాను. తెల్లవారుజామున బల్లమీదికి ఒక బ్యాలెట్ కాగితం వచ్చింది. మా ప్రత్యర్థులిద్దరి పేర్ల ఎదుట ఊదారంగు కలంతో 1, 1 అని ఉన్నది. "ఇది చెల్లదండీ" అని ముందుగా అన్నవాణ్ణి నేనే. అధికారి చూచి చెల్లని కట్టలో వేశారు. చట్టం నా పక్షాన ఉన్నది. ఒకటో అంకె ఒకరికి మించి వేస్తే ఆ ఓటు లేనట్టేనని 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాలు చెబుతున్నవి.

కింది ప్రాధాన్యాలలో సమానం వస్తే శిక్ష కొంత తక్కువ. ఒకరికి 1, మరి ఇద్దరికి చెరొక 2 వేశారనుకుందాం. మొదటి అభ్యర్థి పోటీలో ఉన్నంతసేపూ ఓటు బ్రతికే ఉంటుంది. ఆయన తొలగగానే, తరువాత ఎవరికి బదిలీ చెయ్యాలో తేలదు గనుక, కాగితం పని సరి. ఆపైన 3, 4 ఎంత శుభ్రంగా వ్రాసినా వ్యర్థమే.

ఎందుకిట్లా? ఒక కాగితం ఒక సమయాన ఒక కట్టలోనే ఉండగలదు. 2021లో హైదరాబాదు–రంగారెడ్డి–మహబూబ్‌నగర్ పట్టభద్రుల స్థానానికి 93 మంది పోటీచేశారు; అక్కడ చేతిలెక్కతో సగాలూ మూడోవంతులూ కట్టమనటం సిబ్బందిపై దయలేని పనే. నిజమే, కాని ఇబ్బంది లెక్కించేవారిది, శిక్ష ఓటరుకు!

సమానమైన ఓటును చెరిసగం పంచి, ఒకరు తొలగినప్పుడు ఆ సగాన్ని రెండోవారికే చేర్చవచ్చు. 1785లో ఫ్రెంచి తాత్త్వికుడు కొండొర్సే ప్రతిపాదించిన జంటల పోలికలోనైతే పంచే పని కూడా లేదు. ఆ ఇద్దరి మధ్య ఈ కాగితం తటస్థం. మిగిలిన ప్రతివారితో పోల్చేటప్పుడు ఇద్దరికీ నిండు ఓటే.

అంకెను టిక్కుగుర్తులా భావించి నలుగురికీ ఒకట్లు వేసేవారూ ఉంటారు, కాదనను. కాని నేను చెల్లదన్న కాగితం అట్లాంటిది కాదు. అందులో 2 లేదు. మా అభ్యర్థి పేరు ఎదుట 3 ఉన్నది. ఇద్దరు మొదటి స్థానం పంచుకుంటే తరువాతివాడు మూడవవాడే కదా! లెక్క తెలిసి, తూచి వేసిన ఓటు అది. ఇంటికి వచ్చి పడుకున్న తరువాత గాని ఆ 3 సంగతి నాకు తట్టలేదు.