మెట్టుగూడ బస్టాపులో సగటు

పదో తరగతి లెక్కల పుస్తకంలో సగటు, మధ్యగతం, బాహుళకం ఉంటాయి. పట్టికలు మాత్రం చాలావరకు వండి వడ్డించినవే.

అదే పిల్లల్ని హైదరాబాద్‌లోని మెట్టుగూడ బస్టాపులో వాచీ, నోటుబుక్కుతో నిలబెడితే? బస్సుకీ బస్సుకీ మధ్య 5, 5, 20 నిమిషాల ఎడం వచ్చిందనుకుందాం. సగటు 10, మధ్యగతం 5. మరి వేళాపాళా చూసుకోకుండా వచ్చినవాళ్లు సగటున ఎంతసేపు నిలబడాలి? పదిలో సగం, 5 అనేస్తారు. కాదు, ఏడున్నర! ఎక్కువమంది ఇరుక్కునేది ఆ 20 నిమిషాల ఖాళీలోనే మరి.

ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన గణాంక శాస్త్రవేత్త సి.ఆర్.రావు 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది సూడాన్ తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి. నిజమైన కొలతల కోసం మెట్టుగూడ పిల్లలు అంత దూరం వెళ్లక్కర్లేదు. 2017 నుంచి మెట్రో కూడా తిరుగుతోంది కాబట్టి, పోల్చి చూసే రెండో పట్టిక అక్కడే దొరుకుతుంది.