సుమో లేని సీమ

తూర్పు జర్మనీ మీద తీసిన రెండు సినిమాలు బద్వేలులో కూర్చొని చూస్తే, రెండూ ఒకే దేశం కథలేనా అనిపిస్తుంది. 2006 నాటి ‘ది లైవ్స్ ఆఫ్ అదర్స్’లో రహస్య పోలీసు సంస్థ స్టాసీ అధికారి అటక మీద చేరి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకొని, నాటక రచయిత ఇంట్లో మాటలన్నీ వింటుంటాడు. 2003లో వచ్చిన ‘గుడ్‌బై లెనిన్’ దారి వేరు. ఎనిమిది నెలలు కోమాలో ఉండి లేచిన తల్లికి బెర్లిన్ గోడ కూలిన సంగతి తెలియకూడదు. అందుకని కొడుకు చెత్తలో పాత ఊరవేసిన దోసకాయల సీసాలు ఏరుకొచ్చి, కొత్తగా వచ్చిన హాలెండు సరుకు వాటిలో నింపుతాడు. నాకు ఇదే నచ్చింది. ఆ సీసాల్లోనే ఒక దేశం పోయిన బెంగంతా ఉంది.

మన రాయలసీమకు తెర మీద దక్కింది భయం చూపే మొదటి రకమే, అదీ ఆ నేర్పు లేకుండా. ‘సమరసింహారెడ్డి’ (1999), ‘ఆది’ (2002)... సుమోలు, బాంబులు, వేటకొడవళ్లు. ఫ్యాక్షన్ అబద్ధమని అనను. శెనక్కాయ చేను, రాగిసంగటి, పోరుమామిళ్ల బస్సు కోసం ఎదురుచూపులు కూడా నిజమే కదా! నన్నడిగితే, అప్పు తెచ్చి బోరు వేయించే ఇంట్లో నీళ్లు పడేదాకా నడిచే మాటలే రెండు గంటల సినిమా. సుమో లేకుంటే ఆడదంటారా, బోరుబండి వెనక ఒకటి పెట్టుకోండి.