టిక్కెట్టు మీది యక్షరము

పాతపట్నమున నీలమణిదుర్గకు మ్రొక్కి విశాఖ రైలెక్కితిమి. 1900లో నౌపడానుండి పర్లాకిమిడికి వేసిన చిన్నబండి దారిని ఇప్పుడు పెద్దబండ్లు నడచుచున్నవి. రైలున తరగతి తెలిసినచో నన్నియు తెలిసినట్లే. విమానమున నట్లు గాదు. సింగపూరు ప్రయాణమునకు మాకును వదినగారికిని బిజినెసు తరగతిలో ప్రక్కప్రక్క కుర్చీలే. కాని యామె టిక్కెట్టుపై ‘జె’, మాదానిపై ‘జెడ్’! పెక్కు సంస్థలలో ‘జె’ పూర్తి వెలకు గుర్తు; ‘సి’, ‘డి’, ‘జెడ్’ తగ్గింపు వెలలకు; మొదటి తరగతికి ‘ఎఫ్’, ‘ఏ’. సంస్థను బట్టి యివి మారుచుండును. భోజనమొక్కటే, కుర్చీయొక్కటే, తేదీ మార్పునకును రద్దునకును షరతులు వేరు. అది మేమెరుగము. అచటి మా కోడలికి నెలలు నిండకయే నొప్పులు వచ్చెనని కబురు రాగా ప్రయాణము ముందునకు జరిపితిమి. వదినగారికి రుసుము లేదు. మేము మిగిల్చినదానికన్న నెక్కువ చెల్లించితిమి. “చవకయని మురిసితివి గదే!” యని యామె నవ్విరి. మనుమని ముఖము చూచువరకును మాకు నవ్వు రాలేదు.