గుడ్డ కవరు

ప్రొద్దుటూరులో బంగారం అంగళ్ళకు కొదువ లేదు. రెండో బొంబాయి అని మావాళ్ళు ఊరికే అనుకోరు. ఆ అంగళ్ళలో ఒకదానిలో, గాజుపెట్టె లోపల గాలి సోకకుండా ఉంచిన త్రాసు మీద, పోయిన నెల నేను ఆరు ఖాళీ కవర్లు తూచి వచ్చాను. అంగడి యజమాని నా దగ్గర తొమ్మిదో తరగతిలో సంధులు, సమాసాలు చదివినవాడు. నేను సంచిలోనుండి ఒక్కొక్క కవరూ బయటికి తీస్తుంటే, నగలు చూడవచ్చిన ఆడవాళ్ళు గాజులు ప్రక్కన పెట్టి నన్నే చూడసాగారు.

"ఏంది సార్, కవర్లు తూకానికి తెచ్చినారు?" అన్నాడు.

"పాత ఉత్తరాలు పంపాలప్పా. పోస్టులో యాభై గ్రాముల దాకా ఒక ధర, రెండువందల యాభై దాకా ఇంకొక ధర. పైకవరు బరువెంతో తెలియందే లెక్క కుదరడం లేదు" అన్నాను.

వాడు నవ్వి, తరుగూ మజూరీ లేకుండా ఆరింటి తూకమూ ఒక చీటీ మీద వేసి ఇచ్చాడు.

ఇంత చాదస్తమెందుకని మీరు అడగవచ్చు. దీనికి ముందు నావల్ల ఒక పని జరిగింది. చెప్పుకొనడానికి సిగ్గుగానే ఉన్నది. అయినా వ్రాస్తున్నాను.

జమ్మలమడుగులో నాకొక మిత్రుడుండేవాడు. తెలుగు పండిత శిక్షణలో నా సహాధ్యాయి. నేత కుటుంబంలో పుట్టి, మగ్గం ముందు కూర్చునే అమరం వల్లె వేసినవాడు. ఆదివారాలు ప్రొద్దుటూరు వచ్చి, పుట్టపర్తి నారాయణాచార్యులవారు శివతాండవం వ్రాసిన అగస్త్యేశ్వరాలయంలో కాసేపు కూర్చుంటే గాని ఆయనకు వారం గడిచినట్టుండేది కాదు. గండికోట మీద, పెన్న మీద ఆటవెలదులు వ్రాసుకొని, యతిప్రాసలు చూడమని నోటుబుక్కు నా చేతికిచ్చాడు. అవి నేను తాపీగా చూస్తూ ఉండగానే, 2023లో ఆయన వెళ్ళిపోయాడు. వదినమ్మ కొడుకు దగ్గరికి పులివెందుల చేరింది. మరుసటి ఏడు ఆమె ఫోను చేసి, "ఆయన పుస్తకం మీ దగ్గరుందంట గదా అయ్యవారూ, ఒకసారి చూడాలని ఉంది" అన్నది.

పులివెందులకు బస్సులో పోయి స్వయంగా ఇచ్చి రావలసింది. మోకాళ్ళ నొప్పి అని సాకు చెప్పుకొన్నాను. సొరుగు తెరిస్తే ఒక ఖాకీ కవరు కనబడింది. అంతకు ముందొకసారి ఎవరో నాకు పంపినది. పాత చిరునామా మీద తెల్లకాగితం అంటించి, నోటుబుక్కు లోపలికి దూర్చి, మూతికి మూడు పిన్నులు కొట్టి రిజిస్టరు చేశాను. కవరు కొనకుండా పని జరిగినందుకు లోలోపల సంతోషం కూడా కలిగిందని ఒప్పుకొనాలి. అవి ముసురు పట్టిన రోజులు.

మూడో రోజున అది చేరింది. మూల పూర్తిగా విచ్చిపోయి, రబ్బరు బ్యాండు వేసుకొని చేరింది. తప్పు తెచ్చి ఇచ్చినవారిది కాదు, దారిది కాదు. నాదే. నోటుబుక్కు ఉన్నది. అందులో చివర మడిచి పెట్టిన విడి కాగితాలు మాత్రం లేవు. ఆ కాగితాలలో పదకొండు పద్యాలున్నాయి. యతులు చూసినవాణ్ణి గనుక నాలుగు నాకు కంఠస్థం. మిగిలిన ఏడూ పోయాయి.

ఆ వారమే బస్సెక్కి పులివెందుల పోయాను. ఏ నొప్పీ అడ్డు రాలేదు. వదినమ్మ మిద్దె మీద నోటుబుక్కు విప్పి, తడిసిన పేజీల నడుమ చింతగింజలు పెట్టి ఆరబెట్టింది. ఆయన వాడే పెన్ను సిరా నీలంగా కారి, పద్యం పాదాలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోయాయి. ఆమె నన్నొక మాట అనలేదు. కాఫీ ఇచ్చి, "చివరలో రాసినవి అవేనేమో" అన్నది. అంతే.

తిరుగు బస్సులో నాకు పరీక్షల రోజులు గుర్తుకు వచ్చాయి. పదో తరగతి పరీక్షలకు మా ఇద్దరికీ ఎన్నోసార్లు ఒకే కేంద్రంలో పని పడేది. పరీక్ష ముగియగానే జవాబు పత్రాలు లెక్కపెట్టి, గుడ్డ కవర్లలో పెట్టి, మూటకు గుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టి, లక్క కరిగించి ముద్ర వేసి, ప్రొద్దు వాలేలోగా పోస్టుకు చేర్చాలి. కుట్టేపని ఎప్పుడూ ఆయనదే. "మూలలు మడిచి కుట్టాల. చినిగేది మధ్యలో కాదు, మూలలోనే" అనేవాడు. నేను లక్క పట్టుకొని ప్రక్కన నిలబడేవాణ్ణి. ముక్కూ ముఖమూ తెలియని పిల్లల జవాబు పత్రాలకు గుడ్డా, దారమూ, లక్కా. ఆయన పద్యాలకు వాడిపారేసిన కవరూ, మూడు పిన్నులూ.

సరే, ఇప్పటి సంగతికి వస్తాను. ఆయన మనుమరాలు బెంగళూరులో ఉద్యోగం చేస్తున్నది. తాతగారి పద్యాలన్నీ యూనికోడులో టైపు చేసి, చిన్న పుస్తకం వేయిస్తానంటున్నది. ఆయన నాకు వ్రాసిన పోస్టుకార్డులు నా దగ్గర ఎనభై నాలుగున్నాయి. కొన్ని క్షేమసమాచారాలు, కొన్నింటిలో పద్యాలు. పోయాయనుకొన్న ఏడింటిలో రెండు పద్యాల తొలి రూపాలు ఆ కార్డుల మీద కనిపించాయి. ఒకదానిలో యతి తప్పిందని నేనే వెనుకకు వ్రాసినట్టు గుర్తు. ఫోనుతో ఫొటోలు తీసి పంపాను. పెన్సిలు వ్రాతలు అలుక్కుపోయి సగం అక్షరాలు పోల్చుకోలేకున్నాననీ, నానమ్మ కార్డులు తన దగ్గర దాచుకొంటానంటున్నదనీ ఆ అమ్మాయి చెప్పింది. అందువల్ల అసలువే పంపాలి.

ఆ తరువాత కవర్ల విషయం నేను ఛందస్సు చదివినంత శ్రద్ధగా చదివాను.

ముందు బరువు. కాగితం దళసరి 'జీఎస్సెమ్' అనే లెక్కలో చెబుతారు. చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాములు తూగుతుందన్నదే ఆ లెక్క. ఏ4 కాగితం చదరపు మీటరులో పదహారో వంతు. కాబట్టి 80 జీఎస్సెమ్ కాగితం ఒకటి 5 గ్రాములు. నా కార్డులను రెండు దొంతులుగా ప్రక్కప్రక్కన పేరిస్తే, వాటికి సరిపోయే కవరు విప్పి పరచినపుడు చదరపు మీటరులో పదో వంతు లోపే. బంగారం త్రాసు చెప్పింది కూడా అదే: పలుచని ఖాకీ 8 గ్రాములు, దళసరి ఖాకీ 12, బుడగల కవరు 15, గుడ్డ కవరు 18, కొరియరువాళ్ళ ప్లాస్టిక్ కవరు 6. ఆరోది మా మేనల్లుడు అమెరికా నుండి ఏవో పత్రాలు పంపిన తెల్ల కవరు, 5 గ్రాములు.

ఆ తెల్లది నన్ను ఆశ్చర్యపరచింది. చూపుకు కాగితం, చేతికి గుడ్డ, నిజానికి రెండూ కాదు. దాని పేరు టైవెక్. 1955లో డ్యూపాంట్ సంస్థ ప్రయోగశాలలో ఒక గొట్టం నుండి వెలువడుతున్న తెల్లని పాలిథిలీన్ పీచు ఒక పరిశోధకుడి కంటబడడంతో దాని కథ మొదలైంది. 1967 నుండి వ్యాపారంలోకి వచ్చింది. నీటికి తడవదు, చేతితో చింపబోతే సాగుతుందే గాని తెగదు. తేలికా, గట్టిదనమూ ఒక్కచోట కావాలంటే దానికి మించినది లేదు. అయితే వేడికి ముడుచుకొంటుంది, లక్క ముద్రకు పనికిరాదు. పైగా ప్రొద్దుటూరు స్టేషనరీ అంగళ్ళలో నాకెక్కడా దొరకలేదు. ఉన్నది ఆ ఒక్కటే, దాని మూత చించి ఉన్నది. వాడిన కవరు మళ్ళీ వాడనని ఒట్టు పెట్టుకొన్నాను గదా!

ఖాకీ కాగితాన్ని 'క్రాఫ్ట్' అంటారు. జర్మను భాషలో ఆ మాటకు బలమని అర్థం. పొడవైన పీచు ఉండడం వల్ల ఆ బలం వస్తుంది. కాని ఏ కాగితానికైనా ఒక వాలు ఉంటుంది. దినపత్రికను నిలువుగా చింపితే తిన్నగా చినుగుతుంది, అడ్డంగా చింపితే వంకరపోతుంది. అదే వాలు. మూల దగ్గర ఒకసారి చిన్న గాటు పడిందా, వాలు వెంట చర్రున పోతుంది. నా నోటుబుక్కు అట్ట అంచు లోపలినుండి అదే పని చేసింది. కవరు వస్తువుకంటె చాలా పెద్దదైనా ప్రమాదమే. లోపలిది అటూ ఇటూ జారి, ఎత్తి వేసిన ప్రతిసారీ అతుకును సమ్మెటలా కొడుతుంది. ఇక పిన్నులు. అవి పక్కనున్న కవర్లను పట్టి లాగుతాయి, పంచేవారి వేళ్ళలో గుచ్చుకొంటాయి, ముసురులో త్రుప్పు పడతాయి. బుడగల కవరు గాజు వస్తువులకు మంచిది. కార్డులు పగిలిపోవు గదా, వాటికి కావలసింది వంగకుండా నిలిచే అట్ట. తాళపత్ర గ్రంథాలకు మన పెద్దలు ఊరికే అటూ ఇటూ చెక్కలు కట్టలేదు.

కవరుకు మనకున్న పాత మాట లకోటా. కన్నడిగులు లకోటె అంటారు, మరాఠీలో లఖోటా. ఆ మాటలో నాకెప్పుడూ లక్క వాసనే తగులుతుంది. 'టపా' అన్న మాట మీద కూడా నాకు మమకారం. తపాలా సంచిలో వచ్చేదాని పేరును మనవాళ్ళు బ్లాగు వ్రాతకు ఖాయం చేసిన రోజుల్లో, కూడలిలో ఆ మాట చూసినప్పుడల్లా గుమ్మంలో పోస్టుమాను పిలిచినట్టుండేది.

ధరల సంగతీ చెప్పాలి. మనం పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనడానికి ఆధారంగా ఉన్న బుక్ పోస్టును 2024 డిసెంబరులో తీసివేశారు. కొసలు తెరిచి, పురికొస కట్టి ఎన్ని పత్రికలు పంపుకొన్నామో! 2025 మే 1న జ్ఞాన పోస్టు వచ్చింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అయిదు కిలోలకు 100. అచ్చు పుస్తకాలకు అది చక్కని సదుపాయం, ఉత్తరాలకు వర్తించదు. రిజిస్టరు పోస్టు 2025 సెప్టెంబరు 1న స్పీడు పోస్టులో కలిసిపోయింది. అక్టోబరు 1 నుండి అమలైన ధరల ప్రకారం 200 నుండి 500 కిలోమీటర్ల దూరానికి 250 గ్రాముల దాకా 63 రూపాయలు, అది దాటి 500 గ్రాముల దాకా 75. జీఎస్టీ వేరు.

నా కార్డులు 218 గ్రాములు తూగాయి. వానకు లోపల పాలిథిన్ సంచి, అటూ ఇటూ అట్టలు కలిపితే 236. దళసరి ఖాకీలో పెడితే 248. గుడ్డ కవరులో పెడితే 254. నాలుగు గ్రాములు ఎక్కువ! అట్టల అంచులు కత్తిరించి చూద్దామా అని కత్తెర చేతికి తీసుకొన్నాను కూడా. పన్నెండు రూపాయల కోసం మళ్ళీ మొదటి బుద్ధే పుడుతున్నదని తెలిసి, కత్తెర పక్కన పెట్టాను.

గుడ్డ కవరు అంటే ఖాకీ కాగితానికి లోపలివైపు పలుచని నూలుగుడ్డ అంటించినది. కాగితం చినిగినా చినుగు పడుగూ పేకా దగ్గర ఆగిపోతుంది. ఆ నేతవాడి కార్డులకు అది తగిన కవరు అనిపించింది. కార్డుల పైన రెండు చిరునామాలూ వ్రాసిన చీటీ ఒకటి పెట్టాను, పైది చెరిగినా లోపలిది పలికేటట్టు. పైన బాల్ పెన్నుతో వ్రాసి, ఆ వ్రాత మీద వెడల్పాటి టేపు వేశాను. ఆరు అంకెల పిన్‌కోడు రెండుసార్లు సరిచూశాను. 1972 ఆగస్టు 15 నుండి ఆ అంకెలే ఊరి పేరు కంటె ముందు చదువుతున్నారు. అన్నీ అయ్యాక దబ్బనం తీసి మూలలు మడిచి కుట్టాను. కుట్లు ఆయనంత తీరుగా రాలేదు.

పోస్టాఫీసు త్రాసులో 256 చూపింది. "సార్, ఆరు గ్రాములు తగ్గిస్తే తక్కువలో పోతుంది" అన్నది కిటికీలోని అమ్మాయి, పాపం, నా మేలు కోరి. వద్దమ్మా, అలాగే పంపు అన్నాను.

మూడో రోజు సాయంకాలం బెంగళూరు నుండి ఫోను వచ్చింది. వదినమ్మ కూడా అక్కడికి చేరి ఉన్నదట. కుట్లు కత్తెరతో కోయనివ్వక, సూదితో ఒక్కొక్కటే విప్పిందట.

"ఎనభై నాలుగూ ఉన్నాయి తాతయ్యా. నానమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది" అన్నది ఆ అమ్మాయి.