మెట్టు మీద పచ్చని మరక

నోయిడాలోని ఆ ఇంటి పెరట్లో తులసికోట దగ్గరికి వెళ్లాలంటే నాలుగు మెట్లు దిగాలి. అన్నీ కోటా రాతి మెట్లు. 2021 ఆగస్టులో ఓ శ్రావణ శుక్రవారం తెల్లవారుజామున దీపం పెట్టడానికి వెళ్తూ ఇంటావిడ మూడో మెట్టు మీద జారిపడ్డారు. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలకు కట్టు విప్పారు కానీ ఆమె మళ్లీ ఆ మెట్లు దిగలేదు. దీపం పని భర్త మీద పడింది.

ఆయనది పల్నాడు. కేంద్ర ప్రభుత్వంలో ముప్పయ్యేళ్లు ఫైళ్లు చూసి రిటైరయ్యారు. ఆ మెట్టు మీది పాచితో ఆయనకు పంతం పెరిగింది. తేజాబ్ పోస్తే ఒక్క దెబ్బకు పోతుందని వీధి చివరి దుకాణదారు సలహా ఇచ్చాడు. పోశారు. బుసబుసా నురగ వచ్చింది. రాయి తెల్లబడింది. రెండు వారాలు తిరక్కుండానే పాచి మళ్లీ వచ్చింది, అదీ మునుపటికన్నా దట్టంగా. 2022, 2023 వానాకాలాలు ఇలాగే గడిచాయి.

2024 జూలైలో మాచర్ల నుంచి బావమరిది వచ్చాడు. మెట్టును అరచేత్తో నిమిరి చూశాడు. "బావా, ఇది మన నాపరాయికి చుట్టమే. సున్నపురాయి. యాసిడ్ పోస్తే పాచితోపాటు రాయీ కరుగుతుంది" అన్నాడు.

విషయమంతా అందులోనే ఉంది. పాచికి కావలసినవి మూడు: తడి, కాస్త వెలుతురు, పట్టు. నున్నని రాయి మీద నీరు జారిపోతుంది. యాసిడ్ తిన్న రాయి గరుకెక్కుతుంది, ఆ సందుల్లో తడి నిలుస్తుంది. పాచిని చంపుతున్నానని ఆయన అనుకున్నారు. నిజానికి మూడేళ్లుగా దానికి పట్టు అందించింది ఆయనే.

ఆ ఆదివారం ఇద్దరూ హుమాయూన్ సమాధికి వెళ్లారు. అక్కడ 2007-2013 మధ్య జరిగిన మరమ్మతుల్లో, కప్పు మీద 20వ శతాబ్దంలో పొరలు పొరలుగా పోసిన సిమెంటు కాంక్రీటును తవ్వి తీశారు. అది పది లక్షల కిలోల పైమాటే. దాని స్థానంలో సున్నం వాడారు. కప్పు మీది నీటి సంగతి తేల్చకుండా కింది రాతికి ఎంత వైద్యం చేసినా ఏం లాభం?

ఇంటికొచ్చాక ఆయన మెట్లను వదిలి పైకి చూశారు. పడకగది ఏసీ గొట్టం సరిగ్గా మూడో మెట్టు మీదే బొట్టు బొట్టుగా కారుతోంది. ఉక్కపోత రోజుల్లో పగలూ రాత్రీ అంతే. అటు ఉత్తరం వైపు, ఎండ సోకదు. పక్కన వరసగా పూలకుండీలు. వాటి అడుగునా తడే.

గొట్టాన్ని పక్కకు తిప్పి మొక్కల పాదులోకి వదిలారు. కుండీలను ఎత్తు స్టాండ్ల మీదికి మార్చారు. మేస్త్రీని పిలిచి నీరు నిలవకుండా మెట్లకు ముందుకు వాలు పెట్టించారు. అరిగిన రాళ్లకు మళ్లీ పాలిష్ పట్టించారు. మరీ నున్నగా ఉంటే తడికాలు జారుతుందని మెట్టు అంచున గీతలు కొట్టించారు. ఇప్పుడు వారానికోసారి నైలాన్ బ్రష్, మామూలు నీళ్లు చాలు. ఎప్పుడైనా పచ్చదనం తేలితే బాగా పలచన చేసిన బ్లీచింగ్ ద్రవం పూసి, కాసేపాగి కడిగేస్తారు. దాంట్లో యాసిడ్ మాత్రం కలపరు. కలిపితే వచ్చేది క్లోరిన్ విషవాయువు.

మిగిలిన తేజాబ్ సీసా దుకాణానికి వాపసు వెళ్లింది.

2025 శ్రావణంలో, మొదటి శుక్రవారం నాడు, ఇంటావిడ దీపం పట్టుకుని ఎవరి చెయ్యీ అందుకోకుండా మెట్లు దిగారు. నాలుగో మెట్టు దాటేదాకా ఆయన గుమ్మంలోంచి కదల్లేదు.